సీ కోడ్ మధ్యలో అసెంబ్లీ: ఎప్పుడు రాయాలి, ఎప్పుడు వేరే దారి చూసుకోవాలి

మా ఆఫీసు చెన్నైలో, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉంది. బోరు మోటార్ల ప్యానెళ్లకు కంట్రోలర్ బోర్డులు చేస్తాం. మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, మోడ్‌బస్ సీఆర్‌సీ లెక్క బాగా లేటవుతోంది. ఇన్‌లైన్ అసెంబ్లీలో రాసేశాను, ఒకసారి చూస్తారా?" అన్నాడు. మోడ్‌బస్ అంటే యంత్రాలు సందేశాలు పంపుకునే పద్ధతి, సీఆర్‌సీ అంటే ఆ సందేశం దారిలో చెడిపోయిందో లేదో చూసే లెక్క. సీ ఫంక్షన్ మధ్యలో నలభై లైన్ల అసెంబ్లీ, అంటే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లను ఒక్కొక్కటిగా చేత్తో రాసిన కోడ్. ఎంత కష్టపడి రాశాడో చూస్తేనే తెలుస్తోంది. లెక్క కూడా సరిగ్గానే వస్తోంది.

"సీ వెర్షన్‌ను ఏ బిల్డ్‌లో కొలిచావు?" అని అడిగాను. డీబగ్ బిల్డ్ అన్నాడు. అంటే కంపైలర్ కోడ్‌ను వేగంగా మలిచే ఆప్టిమైజేషన్ అసలు లేదు. అదే సీ కోడ్‌ను ఓ2 అనే ఆప్టిమైజేషన్ లెవెల్‌లో బిల్డ్ చేశాం. ఫంక్షన్ మొదట్లో ఒక పిన్‌ను పైకి లేపి, చివర్లో దించి, ఆసిలోస్కోప్‌లో చూశాం. అతని అసెంబ్లీకీ కంపైలర్ తయారుచేసిన కోడ్‌కూ తేడా కనిపించీ కనిపించనంత. ఆ తర్వాత, ఒక్కో బైట్‌కు ఎనిమిది సార్లు తిరిగే లూప్‌ను తీసేసి 256 ఎంట్రీల టేబుల్ పెట్టాం. 512 బైట్ల ఫ్లాష్ ఖర్చయింది కానీ ఆ రెండు వెర్షన్లకంటే ఇది చాలా ముందుంది.

ఆ సాయంత్రం అతనితో మాట్లాడినవే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మైక్రోకంట్రోలర్‌కు సీలో ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఇలాంటి చోట నాలుగు దారులుంటాయి. మామూలు సీ కోడ్ రాసి కంపైలర్‌కు వదిలేయడం ఒకటి. ఇంట్రిన్సిక్ ఫంక్షన్లు, అంటే సీ ఫంక్షన్‌లా పిలిస్తే నేరుగా ఒక ఇన్‌స్ట్రక్షన్‌గా మారేవి, వాడటం రెండోది. మూడోది సీ కోడ్ మధ్యలోనే రాసే ఇన్‌లైన్ అసెంబ్లీ, నాలుగోది అసెంబ్లీని వేరే ఫైల్‌లో పెట్టడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకటి రెండు ఇన్‌స్ట్రక్షన్ల పనికి ఇన్‌లైన్ అసెంబ్లీ చాలా మంచి పనిముట్టు. పది లైన్లు దాటిందంటే ఆ కోడ్ ఉండాల్సిన చోటు అది కాదు. ఇన్‌స్ట్రక్షన్లు రాయడం ఎవరికైనా వారంలో వస్తుంది. ఆ ఇన్‌స్ట్రక్షన్లు దేన్ని చదువుతున్నాయో, దేన్ని మారుస్తున్నాయో కంపైలర్‌కు ఒక్కటి కూడా వదలకుండా చెప్పడమే అసలు కష్టం.

ముందు కంపైలర్ ఇచ్చింది చూడండి

"సీలో ఇది రాదు" అనుకునేవాటిలో చాలా భాగం సీలో వస్తాయి. రెండు 32 బిట్ల సంఖ్యలను గుణించి 64 బిట్ల ఫలితం కావాలంటే, ఒక సంఖ్యను ముందే 64 బిట్లకు మార్చి గుణిస్తే చాలు. ఆర్మ్ కంపెనీ మైక్రోకంట్రోలర్ కోర్‌లైన కార్టెక్స్ ఎం3, ఎం4లలో కంపైలర్ దాన్ని ఒక్క గుణకారం ఇన్‌స్ట్రక్షన్‌గా మారుస్తుంది. ఎడమకు, కుడికి షిఫ్ట్ చేసి కలిపి రాసిన రొటేషన్‌ను జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండూ గుర్తుపట్టి ఒక్క రొటేట్‌గా ఇస్తాయి. బైట్ల వరుస తిప్పడానికి, ముందున్న సున్నాలు లెక్కించడానికి బిల్టిన్ ఫంక్షన్లున్నాయి. అయితే చిప్ ఏమిటో గుర్తుంచుకోవాలి. మేం వాడే చిన్న కోర్ ఎం0లో ఆ 64 బిట్ల గుణకారమూ లేదు, సున్నాలు లెక్కించే ఇన్‌స్ట్రక్షనూ లేదు. అక్కడ కంపైలర్ లైబ్రరీ ఫంక్షన్‌ను పిలుస్తుంది. హార్డ్‌వేర్‌లోనే లేనిదాన్ని మనం చేత్తో రాసినా పుట్టించలేం.

కాబట్టి అసెంబ్లీ రాసేముందు అసెంబ్లీ చదవండి. ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో మీ ఎల్ఫ్ ఫైల్‌ను (బిల్డ్ చివర వచ్చే ప్రోగ్రామ్ ఫైల్) విప్పి చూడవచ్చు. చిన్న ఫంక్షన్ అయితే కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో పేస్ట్ చేస్తే ఆర్మ్, ఏవీఆర్, రిస్క్ ఫైవ్ ప్రాసెసర్ రకాలన్నింటికీ ఏం వస్తుందో పక్కపక్కనే కనిపిస్తుంది. ఎం3, ఎం4 చిప్‌లలో సైకిళ్లు లెక్కపెట్టే డీడబ్ల్యూటీ కౌంటర్ ఉంటుంది. ఎం0లో అది లేదు కనుక మేం పిన్ను, స్కోప్‌నే నమ్ముకుంటాం.

ఇంట్రిన్సిక్ ఉంటే అదే

ఇంటరప్ట్‌లు (నడుస్తున్న కోడ్‌ను మధ్యలో ఆపే హార్డ్‌వేర్ పిలుపులు) ఆపడం, చిప్‌ను నిద్రపుచ్చే వెయిట్ ఫర్ ఇంటరప్ట్, మెమరీ పనుల వరుస తప్పకుండా చూసే మెమరీ బ్యారియర్లు, ఇంటరప్ట్‌లు ఆపి ఉన్నాయో లేదో చెప్పే ప్రైమాస్క్ రిజిస్టర్ చదవడం: ఆర్మ్ చిప్‌లలో వీటన్నింటికీ ఆర్మ్ కంపెనీయే ఇచ్చే సీఎంఎస్‌ఐఎస్ హెడర్లలో రెడీగా ఫంక్షన్లున్నాయి. ఆ హెడర్ తెరిచి చూస్తే, జీసీసీ విషయంలో చాలావాటి లోపల ఉన్నది ఇన్‌లైన్ అసెంబ్లీయే. "మరి మనం రాసుకుంటే తప్పేంటి?" అని మావాడు అడిగాడు. మంచి ప్రశ్నే. మనం మర్చిపోయే షరతులన్నీ వాళ్లు అక్కడ ముందే రాసిపెట్టారు. కంపైలర్ మారితే లోపలి రూపం మారుతుంది, మన కోడ్‌లో పిలుపు మాత్రం మారదు.

ఎం4లో డీఎస్‌పీ (సిగ్నల్ ప్రాసెసింగ్) పనికైతే ఈ దారి ఇంకా మేలు. 16 బిట్ల జతలు రెండింటిని ఒకేసారి గుణించి కూడే ఇన్‌స్ట్రక్షన్లు అందులో ఉన్నాయి. మామూలు సీ లూప్ నుంచి కంపైలర్ వాటిని తనంతట తాను వాడుతుందని నమ్మలేం. ఇంట్రిన్సిక్‌తో పిలిస్తే ఆ ఇన్‌స్ట్రక్షన్ వస్తుంది, లూప్, రిజిస్టర్ల సర్దుబాటు కంపైలర్ చూసుకుంటుంది. ఫిల్టర్ మొత్తాన్ని అసెంబ్లీలో రాసే ఆలోచన వస్తే ముందు సీఎంఎస్‌ఐఎస్ డీఎస్‌పీ లైబ్రరీ చూడండి.

ఇన్‌లైన్ అసెంబ్లీ: కంపైలర్‌తో ఒప్పందం

జీసీసీలో ఇది రెండు రకాలు. ఉత్త స్ట్రింగ్ మాత్రమే రాసేది బేసిక్ రకం. ఆ స్ట్రింగ్ ఏ రిజిస్టర్‌ను పాడుచేస్తుందో కంపైలర్‌కు ఏమీ తెలియదు. రెండోది ఎక్స్‌టెండెడ్ రకం. అందులో కోలన్‌లతో విడదీసి అవుట్‌పుట్లు, ఇన్‌పుట్లు, క్లాబర్లు (మన ఇన్‌స్ట్రక్షన్లు పాడుచేసేవి) అని మూడు జాబితాలు ఇస్తాం. ఫంక్షన్ లోపల ఒక ఇన్‌స్ట్రక్షన్ రాయాలంటే ఈ రెండో రకమే వాడండి. కంపైలర్ మన స్ట్రింగ్‌లోని ఇన్‌స్ట్రక్షన్ల అర్థం చూడదు, ఈ జాబితాలనే నమ్ముతుంది. జాబితా తప్పయితే కంపైలర్ తిట్టదు. కోడ్ నడుస్తుంది. నడిచి, ఎప్పుడో ఒకరోజు తప్పుతుంది.

నాకు ఇది బాగా తగిలింది. పాత ఉద్యోగంలో నీటి ప్రవాహం కొలిచే బోర్డు ఒకటి చేశాం. ఇంటరప్ట్‌లో పల్స్‌ల లెక్క, చివరి పల్స్ వచ్చిన సమయం అనే రెండు వేరియబుళ్లు మారేవి. మెయిన్ లూప్‌లో ఇంటరప్ట్‌లు ఆపి, రెండింటినీ కాపీ చేసుకుని, మళ్లీ తెరిచేవాణ్ణి. ఆపే ఇన్‌స్ట్రక్షన్, తెరిచే ఇన్‌స్ట్రక్షన్ రెండూ నేనే ఇన్‌లైన్‌లో, వోలటైల్ అని పెట్టి రాశాను. ఇంటరప్ట్‌లు ఎలాగూ ఆగి ఉంటాయి కదా అని ఆ రెండు వేరియబుళ్లకు మాత్రం, ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని చెప్పే వోలటైల్ పెట్టలేదు. డీబగ్ బిల్డ్‌లో అంతా బాగుంది. రిలీజ్ బిల్డ్‌లో ఎప్పుడో ఒకసారి ప్రవాహం ఉన్నట్టుండి రెట్టింపయి, వెంటనే మామూలుగా వచ్చేసేది. సెన్సర్ మార్చాం, వైరింగ్ మార్చాం, పుల్ అప్ రెసిస్టర్ మార్చాం. మూడు రోజులు ఒకటే టెన్షన్.

చివరికి డిస్అసెంబ్లీ తెరిస్తే కనిపించింది. రెండు వేరియబుళ్లలో ఒకదాన్ని చదివే ఇన్‌స్ట్రక్షన్‌ను కంపైలర్ ఇంటరప్ట్‌లు తెరిచిన తర్వాతికి జరిపింది. ఆ సందులో పల్స్ వస్తే లెక్క పాతది, సమయం కొత్తది. కంపైలర్ తప్పేమీ లేదు. అసెంబ్లీకి పెట్టిన వోలటైల్ "దీన్ని తీసేయకు" అని చెబుతుందే తప్ప, చుట్టూ ఉన్న మామూలు మెమరీ పనులను అటూ ఇటూ జరపవద్దని చెప్పదు. అది చెప్పాల్సింది క్లాబర్ జాబితాలో రాసే "మెమరీ" అన్న మాట. ఆ ఒక్క మాట చేర్చగానే సమస్య పోయింది. సీఎంఎస్‌ఐఎస్ ఫంక్షన్ వాడి ఉంటే ఆ మాట అందులో మొదటి నుంచే ఉంది. అందుకే ఇంట్రిన్సిక్ దొరికితే ఇన్‌లైన్ రాయవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇంకో మాట. తెరిచేటప్పుడు గుడ్డిగా తెరవకుండా ముందున్న ప్రైమాస్క్ విలువను దాచుకుని తిరిగి పెట్టండి. లేకపోతే అప్పటికే ఇంటరప్ట్‌లు ఆపుకున్న ఫంక్షన్ మీ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు దాని రక్షణ మధ్యలోనే పోతుంది.

రెండో గుంట, అవుట్‌పుట్‌కూ ఇన్‌పుట్‌కూ ఒకే రిజిస్టర్ దొరకడం. మీ స్ట్రింగ్‌లో రెండు ఇన్‌స్ట్రక్షన్లున్నాయి అనుకోండి. మొదటిది అవుట్‌పుట్‌లో రాసేస్తుంది, రెండోది ఇంకా ఒక ఇన్‌పుట్‌ను చదవాలి. ఇన్‌పుట్లన్నీ వాడేశాకే అవుట్‌పుట్‌లో రాస్తారని కంపైలర్ లెక్క. అందుకని రెండింటికీ ఒకే రిజిస్టర్ ఇవ్వవచ్చు. అలా ఇచ్చిన రోజు మొదటి ఇన్‌స్ట్రక్షన్ మీ ఇన్‌పుట్‌ను తుడిచేస్తుంది. దీనికి మందు అవుట్‌పుట్ కన్‌స్ట్రెయింట్‌లో (ఏ రకం రిజిస్టర్ కావాలో చెప్పే చిన్న స్ట్రింగ్) సమానం గుర్తు పక్కన ఒక ఆంపర్‌శాండ్. అలాగే ఇన్‌పుట్‌గా మాత్రమే ఇచ్చిన రిజిస్టర్‌ను లోపల మార్చకూడదు. మార్చాల్సి వస్తే సమానం బదులు ప్లస్ గుర్తు పెట్టి, చదివి రాసేదిగా ప్రకటించాలి.

ఏవీఆర్‌లో ఇంకో రకం ఇబ్బంది ఉంది. స్థిర సంఖ్యను నేరుగా రిజిస్టర్‌లో వేసే ఇన్‌స్ట్రక్షన్ అక్కడ 16 నుంచి 31 వరకున్న రిజిస్టర్లకే పనిచేస్తుంది. "ఏదైనా రిజిస్టర్" అనే కన్‌స్ట్రెయింట్ పెడితే ఒక రోజు అసెంబుల్ అవుతుంది, పక్కన ఇంకో వేరియబుల్ చేర్చిన మర్నాడు ఎర్రర్ ఇస్తుంది. పై సగం రిజిస్టర్లకు వేరే అక్షరం ఉంది, అది వాడాలి. గుణకారం చేస్తే ఫలితం 0, 1 రిజిస్టర్లలో పడుతుంది. 1వ రిజిస్టర్ ఎప్పుడూ సున్నాగా ఉంటుందని ఏవీఆర్ జీసీసీ నమ్ముతుంది కనుక, పని అయ్యాక దాన్ని తిరిగి సున్నా చేసి వదలాలి.

లేబుళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇన్‌లైన్ స్ట్రింగ్‌లో లూప్ అని పేరుపెట్టి లేబుల్ రాస్తే, కంపైలర్ ఆ ఫంక్షన్‌ను రెండుచోట్ల ఇన్‌లైన్ చేసిన రోజున లేబుల్ రెండుసార్లు వచ్చి ఎర్రర్ వస్తుంది. అంకెలతో ఉండే లోకల్ లేబుళ్లు వాడితే ఆ గొడవ ఉండదు. అసలు ఇన్‌లైన్‌లో లూప్ రాయాల్సి వస్తోందంటేనే వేరే ఫైల్ గురించి ఆలోచించాలి.

సైకిళ్లు లెక్కపెట్టే పని

ఆయుధపూజకు మా షాపు ముందు రంగుల లైట్లు పెట్టాలని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్ నుంచి డబ్ల్యూఎస్2812 ఎల్‌ఈడీ స్ట్రిప్ ఒకటి తెచ్చాం. ఈ ఎల్‌ఈడీలకు ఒక్కో బిట్ 1.25 మైక్రోసెకన్లలో వెళ్లాలి. అందులో పిన్ ఎంతసేపు పైన ఉందన్నదాన్ని బట్టి అది సున్నానో ఒకటో తేలుతుంది. ఆర్డ్యునో ఊనోలో ఉన్న ఏవీఆర్ చిప్ ఏటీమెగా328పీ 16 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. బిట్‌కు సరిగ్గా 20 సైకిళ్లు. కంపైలర్ ఒక వెర్షన్‌లో ఇచ్చిన లూప్‌ను ఇంకో వెర్షన్‌లో అలాగే ఇస్తుందన్న గ్యారంటీ లేదు కనుక, ఇక్కడ అసెంబ్లీ నిజంగా అవసరమే. ఏవీఆర్‌లో ఒక ఇన్‌స్ట్రక్షన్‌కు ఎన్ని సైకిళ్లో డేటాషీట్‌లో ఉంటుంది, ఆ లెక్క తప్పదు. పంపినంతసేపూ ఇంటరప్ట్‌లు ఆపాలి. 60 ఎల్‌ఈడీలంటే 1,440 బిట్లు, 1.8 మిల్లీసెకన్లు. ఆర్డ్యునో టైమర్ ఇంటరప్ట్ 1.024 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది కనుక, ఆ మధ్యలో ఒక టిక్ పోవచ్చు. లైట్ల పనికి ఫరవాలేదు, మోటారు రక్షణ చూసే బోర్డులో అయితే ఒప్పుకోను.

ఇదే లెక్కను ఎం4 కోర్ ఉన్న ఎస్‌టీఎం32ఎఫ్407 చిప్ మీదికి తీసుకెళ్లకండి. అది 168 మెగాహెర్ట్జ్‌లో నడిచేటప్పుడు ఫ్లాష్‌కు 5 వెయిట్ స్టేట్లు, అంటే ఆగాల్సిన సైకిళ్లు, కావాలి. ఆ ఆలస్యాన్ని దాచడానికి ముందు ప్రీఫెచ్, కాష్ ఉన్నాయి. కాష్‌లో ఉంటే ఒక వేగం, లేకపోతే ఇంకో వేగం. ఏ పనీ చేయని నాప్ ఇన్‌స్ట్రక్షన్‌తో ఆలస్యం లెక్కించవద్దని, ప్రాసెసర్ దాన్ని పైప్‌లైన్‌లోనే తీసేయవచ్చని ఆర్మ్ మాన్యువలే చెబుతోంది. అలాంటి చిప్‌లో టైమర్ పీడబ్ల్యూఎంకు (టైమర్ తనే ఇచ్చే పల్స్‌లు) డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా కదిపే హార్డ్‌వేర్) జతచేసి పంపండి. ఆర్‌పీ2040 చిప్ అయితే ఈ పనికి పీఐఓ అనే చిన్న యంత్రాలే ఉన్నాయి. హార్డ్‌వేర్ చేయగలిగిన పనికి సీ, అసెంబ్లీ పోలికే అక్కరలేదు.

వేరే ఫైల్ ఎప్పుడు

పని మొత్తం అసెంబ్లీయే అయినప్పుడు. ఆర్‌టీఓఎస్‌లో (చిప్ మీద అనేక టాస్క్‌లను నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) టాస్క్ మార్చే కోడ్ దీనికి సరైన ఉదాహరణ. కార్టెక్స్‌లో ఇంటరప్ట్ రాగానే హార్డ్‌వేర్ తనంతట తాను ఎనిమిది వర్డ్‌లు స్టాక్‌లో పెడుతుంది. మిగిలిన 4 నుంచి 11 వరకు రిజిస్టర్లను మనమే దాచాలి, స్టాక్ పాయింటర్ మార్చాలి, కొత్త టాస్క్‌వి తీయాలి. సీ వేరియబుళ్లతో ఇక్కడ పెద్దగా పని లేదు. ఫ్రీఆర్‌టీఓఎస్ సోర్స్ తెరిచి రెండు పోర్ట్‌లను (ఒక్కో చిప్, కంపైలర్ కోసం రాసిన రూపాలను) పక్కపక్కన పెట్టి చూడండి. ఎం3, ఎం4 జీసీసీ పోర్ట్‌లో ఈ కోడ్ నేకెడ్ ఫంక్షన్ (కంపైలర్ మొదట్లో, చివర్లో తన కోడ్ ఏదీ చేర్చనిది) లోపల ఇన్‌లైన్ అసెంబ్లీగా ఉంది, ఐఏఆర్ కంపైలర్ పోర్ట్‌లో అదే పని వేరే అసెంబ్లీ ఫైల్‌లో ఉంది. రెండూ ఏళ్ల తరబడి నడుస్తున్నవే. చదవడానికి నాకు రెండోదే సులువు. కొటేషన్లు, లైన్ చివర న్యూలైన్ గుర్తులు కళ్లకు అడ్డం పడవు. నేకెడ్ దారి ఎంచుకుంటే లోపల బేసిక్ అసెంబ్లీ తప్ప సీ లైన్లు కలపకండి. జీసీసీ భద్రమని చెప్పేది అదొక్కటే.

వేరే ఫైల్‌లో కంపైలర్‌కు జాబితాలు ఇవ్వక్కర్లేదు, కానీ పిలుపు నియమాలు పాటించాలి. ఆర్మ్‌లో మొదటి నాలుగు ఆర్గ్యుమెంట్లు 0 నుంచి 3 రిజిస్టర్లలో వస్తాయి. 4 నుంచి 11 వరకు వాడుకుంటే తిరిగి ఎలా ఉన్నవి అలా ఇచ్చేయాలి. వేరే ఫంక్షన్‌ను పిలిచేచోట స్టాక్ 8 బైట్లకు సరిపోవాలి. ఫైల్ పేరు చివర పెద్ద ఎస్ పెడితే ప్రీప్రాసెసర్ నడుస్తుంది, చిన్న ఎస్ అయితే నడవదు. ఫంక్షన్ ముందు థంబ్ ఫంక్షన్ అన్న డైరెక్టివ్ (ఇది ఆర్మ్ థంబ్ రకం కోడ్ అని చెప్పే సూచన) మరిచిపోతే, ఫంక్షన్ పాయింటర్‌లో చివరి బిట్ సున్నాగా ఉండి, దాని ద్వారా పిలవగానే ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ పడిపోతుంది. కొత్తవాళ్లు దీన్ని వెతకలేక ఏడుస్తారు.

వెల ఒక్కటే. వేరే ఫైల్‌లోని ఫంక్షన్‌ను కంపైలర్ ఇన్‌లైన్ చేయలేదు. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ పనికి పిలుపు, తిరుగు ప్రయాణం రెండూ దండగ. ఇన్‌లైన్ అసెంబ్లీకి అసలు బలం అక్కడే ఉంది.

రేపు చిప్ మారితే

చిప్‌ల కొరత వచ్చిన ఏడాది దొరికిన చిప్‌తో బోర్డు తిరిగి గీసుకున్నవాళ్లు మా ఎస్టేట్‌లోనే ఎంతోమంది. అసెంబ్లీ కీవర్డ్ సీ ప్రమాణంలో భాగం కాదు, మామూలుగా కనిపించే ఎక్స్‌టెన్షన్‌గా అనుబంధంలో మాత్రమే ఉంది. కాబట్టి కంపైలర్ మారినా రాత మారుతుంది. కీల్ టూల్‌లో ఆర్మ్ కంపైలర్ 5 నుంచి 6కు వెళ్లినవాళ్లు ఇన్‌లైన్ కోడ్ మొత్తం జీసీసీ పద్ధతిలోకి తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లతో సహా రిస్క్ ఫైవ్ కూడా మన చుట్టూ ఉంది. అక్కడ సీఎస్‌ఆర్ (కంట్రోల్, స్టేటస్ రిజిస్టర్) నంబర్ ఇన్‌స్ట్రక్షన్ లోపలే ఇమిడి ఉంటుంది. దాన్ని మామూలు వేరియబుల్‌గా పంపడం కుదరదు కనుక ఇన్‌లైన్ అసెంబ్లీతో చేసిన మ్యాక్రోలే అక్కడ మామూలు.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా, అసెంబ్లీ అంతా ఒకే హెడర్ వెనక ఉంచండి. పీసీ మీద టెస్ట్ చేయడానికి ఆ హెడర్‌కే ఏమీ చేయని ఇంకో రూపం రాసుకోవచ్చు. ఒరగడం, శ్రీపెరంబుదూరు వైపు ఆటో కంపెనీలకు బోర్డులు ఇచ్చేవాళ్లకు ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. అసెంబ్లీని విడిగా, ఒక కవచంలో పెట్టాలని ఆటో రంగంలో పాటించే మిస్రా సీ నియమాల్లోనే ఉంది.

మా కుర్రాడి సంగతికి వస్తే, ఆ నలభై లైన్లూ తీసేశాడు. కానీ వారం తిరగకుండానే అతనికి అసెంబ్లీ నిజంగా కావలసి వచ్చింది. హార్డ్ ఫాల్ట్ వచ్చినప్పుడు ఏ స్టాక్ వాడుకలో ఉందో చూసి, ఆ చిరునామాను సీ ఫంక్షన్‌కు అందించాలి. లింక్ రిజిస్టర్‌లో (తిరిగి ఎక్కడికి వెళ్లాలో ఉండే రిజిస్టర్) ఒక బిట్ చూసి తేల్చాల్సిన పని కాబట్టి, సీ ఫంక్షన్ మొదలై ఆ రిజిస్టర్‌ను కదిలించకముందే అది జరగాలి. నెట్‌లో దొరికిన కోడ్ ఎం4 కోసం రాసింది. మా ఎం0లో ఆ షరతుల ఇన్‌స్ట్రక్షన్లు లేవు, అసెంబుల్ కాలేదు. ఈసారి అతను మాన్యువల్ ముందు పెట్టుకుని ఎం0కు సరిపోయే ఇన్‌స్ట్రక్షన్లతో వేరే ఫైల్‌లో రాశాడు. ప్రతి లైన్ పక్కనా కామెంట్ ఉంది, థంబ్ ఫంక్షన్ డైరెక్టివ్ కూడా ఉంది. కావాలని ఒక తప్పుడు చిరునామా చదివించి ఫాల్ట్ తెప్పించాం. ప్రోగ్రామ్ ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర పడిపోయిందో సీరియల్ పోర్ట్‌లో కనిపించింది.